కంచె అవతల ఏమున్నది?

చదరంగం మన దేశంలో పుట్టిన ఆట. రథ గజ తురగ పదాతులనే నాలుగు అంగాల సైన్యాన్ని పలకమీదికి ఎక్కించి, యుద్ధాన్ని రెండు బుద్ధుల పోటీగా మార్చిన మేధావి ఎవరో గాని, అతడు ఒక విషయాన్ని మాత్రం విడిచిపెట్టాడు. చదరంగంలో దాపరికం లేదు. ఎదుటివాని ఏనుగు ఎక్కడ నిలిచి ఉన్నదో, గుర్రం ఎటు దూకగలదో కళ్ళెదుటనే కనబడుతుంది. బంటును ముందుకు జరిపితే అది జరిగి తీరుతుంది. భయపడి నడిమి దారిలో ఆగిపోదు, ఆజ్ఞ వినబడలేదని నిలిచిపోదు. యుద్ధరంగంలో దళపతికి ఈ సౌకర్యాలలో ఒక్కటి కూడ లేదు. శత్రువు కనబడడు, ఇచ్చిన ఆజ్ఞ వేళకు చేరదు, చేరినా మనిషి కదలకపోవచ్చును.

ఈ లోపాన్ని పూరించడానికి పూనుకొన్నవారు ప్రష్యా దేశంలో ఒక తండ్రీ కొడుకులు. తండ్రి రైస్‌విట్జ్ ప్రభు సైనికుడు కాడు, ప్రభుత్వోద్యోగి. ఆయన కొండలూ నదులూ పొలాలూ మలచిన పలకలను అమర్చుకొనేందుకు వీలయిన ఒక సొరుగుల బల్లను చేయించి 1812లో తమ రాజుకు సమర్పించాడు. ఫిరంగి దళంలో లెఫ్టినెంటుగా ఉన్న కుమారుడు ఆ బల్లను పక్కకు నెట్టి, నిజమైన సైనిక పటాన్నే ఆటస్థలంగా చేసి, 1824లో నియమాలను అచ్చువేయించాడు. ఎరుపు దిమ్మెలు ఒక సైన్యం, నీలం దిమ్మెలు మరొక సైన్యం. ఆటగాళ్ళు దిమ్మెలను తామై జరపరు. ఆజ్ఞలను కాగితంమీద రాసి మధ్యవర్తికి ఇస్తారు. ఏ పక్షానికి ఏది కనబడడానికి వీలున్నదో దానిని మాత్రమే మధ్యవర్తి పటంమీద ఉంచుతాడు. ఒక్కొక్క ఎత్తు యుద్ధరంగంలో రెండు నిమిషాల కాలం. కాల్పుల ఫలితాన్ని పాచికలు తేలుస్తాయి. ప్రష్యా సేనాధిపతుల కార్యాలయానికి పెద్ద అయిన ముఫ్లింగ్ మొదట దీనిని చూసి పెదవి విరిచాడట. ఆట సాగిన కొలది ఆసక్తుడై, చివరకు సైన్యమంతటికీ దీనిని నేర్పవలసినదని తానే సిఫారసు చేశాడు.

ఇద్దరు ప్రష్యనులు తీర్చిన ఆ ఆటకు నేటి వారసులు కంప్యూటర్ తెరమీద ఉన్నారు. మన ఇళ్ళలో పిల్లలు ఆడే యుద్ధపు ఆటలలో అధికభాగం ఈ వంశానికి చెందినవి కావన్నది ముందుగా చెప్పవలసిన మాట. చెట్లు నరికి, బంగారం తవ్వి, నిమిషంలో నూరుమంది సైనికులను పుట్టించి శత్రువుమీదికి తోలే ఆటలు కొన్ని. పది గుండ్లు తగిలినా పరుగెత్తే వీరుని ఆటలు మరికొన్ని. అవి వినోదానికి మంచివే. వాటిలో రణతంత్రం కలదని మాత్రం అనరాదు. నేను ఇక్కడ ప్రస్తావించేది 'కంబాట్ మిషన్' అనే ఆటల వరుసను. ఇందులో మొదటిది 2000లో వెలువడినది. 2007లో దీని యంత్రాంగమంతా కొత్తగా నిర్మించబడినది. ఆ నిర్మాణంమీద 2011లో వచ్చిన 'నార్మండీ పోరాటం' మన పరిశీలనకు అనువయినది.

ఈ ఆటలో కాలం నిమిషాలుగా తెగి ఉంటుంది. ఇద్దరు ఆటగాళ్ళూ తమ తమ దళాలకు ఆజ్ఞలు ఇస్తారు. ఇచ్చిన పిమ్మట అరవై సెకండ్లపాటు ఇరుపక్షాలూ ఒక్కసారే కదులుతాయి. ఆ అరవై సెకండ్లలో ఆటగాడు చేయగలిగినది ఏమీ లేదు. తన మనుషులు పొరపాటు దారిన పోతున్నా, కాల్పులలో చిక్కుకొన్నా చూస్తూ ఊరుకోవలసినదే. నిమిషం ముగిసినాక దానిని తిరిగి ఎన్నిసార్లయినా, ఏ మూలనుండి అయినా చూడవచ్చును. అటుపిమ్మట మళ్ళీ ఆజ్ఞలు.

నార్మండీ అనగానే 1944 జూన్ 6వ తేదీన సముద్రతీరంలో దిగిన సేనలే అందరికీ జ్ఞాపకం వస్తాయి. కాని అమెరికన్ సైనికులను ఎక్కువగా పీడించినది తీరం కాదు, తీరం వెనుకనున్న పల్లెల కంచెలు. మన పొలంగట్టును నిలువెత్తు పెంచి, దానిమీద చెట్లనూ ముళ్ళపొదలనూ వందల ఏండ్లపాటు వేళ్ళు పెనవేసుకొనేటట్లు పెరగనిస్తే ఎట్లుంటుందో ఊహించుకోండి. ఆ గట్లు చిన్న చిన్న మళ్ళను నాలుగు వైపులా చుట్టుకొని ఉంటాయి. గట్టుకూ గట్టుకూ మధ్య బండ్ల దారులు కాలువలవలె పల్లంలో పోతాయి. ఒక మడిలో నిలిచినవానికి పక్క మడిలో ఏమున్నదో తెలియదు. ప్రతి మడీ ఒక చిన్న కోట. ఆ జులైలో అక్కడ పోరాడిన అమెరికన్ మొదటి సైన్యం చనిపోయినవారిని, గాయపడినవారిని, కనబడకుండా పోయినవారిని కలుపుకొని సుమారు 40,000 మందిని కోల్పోయినది.

ఇప్పుడు కొత్తగా ఆడే విద్యార్థి ఒకడిని ఈ మడిముందు నిలబెట్టి చూద్దాం. అతని చేతిలో ఒక అమెరికన్ ప్లటూను ఉన్నది. పన్నెండేసి మంది గల స్క్వాడులు మూడు, ప్లటూను నాయకుడు, అతని సహాయకులు. ఎదుట పచ్చని మడి, దాని అవతల ఒక కంచె. కంచెలో ఎవరూ కనబడరు. కనబడరు కనుక ఎవరూ లేరని అతడు నిశ్చయించుకొంటాడు. మూడు స్క్వాడులనూ పరుగెత్తి మడి దాటమని ఆజ్ఞాపిస్తాడు. ఇరవై సెకండ్లు ఏమీ కాదు. మనుషులు నడిమడికి చేరుతారు. అప్పుడు కంచె మూలనుండి ఒక జర్మన్ మరతుపాకి మ్రోగుతుంది. నిమిషానికి సుమారు 1,200 గుండ్లు వెళ్ళగక్కే ఆ తుపాకిముందు పరుగెత్తేవాడు ఎంత పరుగెత్తినా ఒకటే. ముందువాళ్ళు పడిపోతారు, వెనుకవాళ్ళు నేలకు కరుచుకొంటారు. ముందుకు పొమ్మని ఆటగాడు తరువాతి నిమిషంలో ఎంత ఆజ్ఞాపించినా వాళ్ళు పోరు. కొందరు వచ్చిన దారినే పాకుతూ మరలుతారు. ముందు గొయ్యి, వెనుక నుయ్యి. మరతుపాకి ఎక్కడ ఉన్నదో ఇప్పటికీ అతనికి సరిగా తెలియదు; కంచెమీద ఒక ప్రశ్నార్థకం మాత్రం వెలుస్తుంది. అక్కడ ఎవరో ఉన్నారనే అనుమానానికి ఆ ఆటలో గుర్తు అది.

ఇక్కడ చాలామంది ఆటను కట్టివేసి, కంప్యూటర్ మోసం చేసినదంటారు. ఆగి, ఆ రెండు నిమిషాలనూ మళ్ళీ తిరగవేసి చూసినవానికి కొన్ని సంగతులు బోధపడతాయి.

మొదటిది, కనబడకపోవడానికి లేకపోవడం అని అర్థం కాదు. ఈ ఆటలో ఒక స్క్వాడు చూసినది ఇంకొక స్క్వాడుకు వెంటనే తెలియదు. కేకవేస్తే వినబడేటంత దగ్గర ఉండాలి, లేదా చేతిసైగ కనబడాలి, లేదా రేడియో ఉండాలి. వార్త కింది నాయకునినుండి పై నాయకునికి, అతనినుండి మరొకరికి మెల్లగా పోతుంది. పరుగెత్తేవానికి చూపు తక్కువ. నిలిచి, వంగి, ఎక్కువసేపు చూసినవానికే కంచెలోని కదలిక పట్టుబడుతుంది. అందుచేత అనుభవం గలవాడు మొదటి అయిదారు నిమిషాలు ఎవరినీ మడిలోకి దించడు. తన పక్క కంచెవెంట మనుషులను పరచి చూడమంటాడు. స్క్వాడునుండి ఇద్దరిని విడదీసి, పక్క గట్టు నీడన పాకుతూ పొమ్మంటాడు. చూసేవారికి ఈ అయిదారు నిమిషాలు మహా విసుగు. ఆట నేర్పే పాఠాలలో కుర్రవాళ్ళకు అన్నింటికన్న కష్టమయినది ఇదేనని నా అభిప్రాయం.

రెండవది, తుపాకి కాల్చడంలోని ప్రయోజనం. చంపడానికే కాలుస్తారని సినిమాలు మనకు నేర్పాయి. కంచెలోని మరతుపాకిని కనబడకుండా కాల్చి చంపడం దాదాపు అసాధ్యం. కాని కంచెమీద నాలుగు వైపులనుండి గుండ్లు కురుస్తూ ఉంటే ఆ తుపాకి వెనుకనున్న మనిషి తల ఎత్తలేడు. తల ఎత్తలేనివాడు గురిపెట్టలేడు. ఆ కొద్ది క్షణాలే దాడిచేసేవానికి దారి. కనుక ఒక భాగం కాలుస్తూ ఉండగా మరొక భాగం కదలాలి. కదిలినవారు ఆగి కాల్చనారంభించినాకనే మొదటివారు లేవాలి. అన్ని దేశాల పదాతి శిక్షణలోనూ ఇది ఓనమాలవంటిది. పుస్తకంలో ఒక్క వాక్యం. తెరమీద దానిని సరిగా నడపడానికి మాత్రం పది ఆటలు పడతాయి. ఎందుకంటే గుండ్లకు లెక్క ఉన్నది. అయిదు నిమిషాలు ఆపకుండా కాల్పించినవాడు ఆరవ నిమిషంలో, సరిగా మనుషులు మడి నడుమ ఉన్న సమయంలో, గుండ్లు లేని తుపాకులతో మిగులుతాడు. మనిషికి దమ్ముకు కూడ లెక్క ఉన్నది. పరుగెత్తించి పాకించి అలసట పెట్టినవాళ్ళు చివరి ఇరవై గజాలు పరుగెత్తలేరు.

మూడవది కాలం. శత్రువు కనబడగానే మోర్టారు గుండ్లు కురిపించమని ఆజ్ఞ ఇస్తారు. ఆ ఆజ్ఞ రేడియోలో పోవాలి, లెక్కకట్టాలి, ఒకటి రెండు గుండ్లు వేసి ఎక్కడ పడ్డవో చూసి సవరించుకోవాలి. అసలు వర్షం కురిసేసరికి కొన్ని నిమిషాలు గడుస్తాయి. ఈలోగా తెలివిగల శత్రువు తుపాకి ఎత్తుకొని పక్క మడికి పోయి ఉంటాడు. ఖాళీ కంచె తుక్కుతుక్కవుతుంది. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్నట్లన్నమాట. నేర్చినవాడు శత్రువు కనబడకముందే, నేను శత్రువునయితే ఎక్కడ కూర్చుంటాను అని ఆలోచించి, ఆ మూలమీద మోర్టార్లను ముందుగానే సిద్ధపరుస్తాడు. ఎదుటివాని బుద్ధిలోకి దూరి చూడడం అప్పటినుండి మొదలవుతుంది.

ఇక తిరిగివచ్చే దారి సంగతి. అభిమన్యుని కథ తెలిసిన మన విద్యార్థులకు ఇది వేరే చెప్పనవసరం లేదు గాని, ఆటలో ప్రతివాడూ కనీసం ఒకసారి ఆ పద్మవ్యూహంలో పడే తీరుతాడు. మడి దాటి కంచె పట్టుకోవడంతో పని అయిపోదు. పట్టుకొన్న కంచె కొలతలు శత్రువు మోర్టార్లకు ముందే తెలిసి ఉంటాయి.

ఆనాటి నిజమైన సేనలు ఈ చిక్కును ఎట్లు విప్పుకొన్నవో చరిత్రలో ఉన్నది. గట్టుమీదికి ఎక్కిన టాంకు ముక్కు ఆకాశంలోకి లేచి, పలుచని అడుగుభాగం శత్రువుకు కనబడేది. కర్టిస్ క్యూలిన్ అనే సార్జెంటు, తీరంలో జర్మనులు పాతిన ఇనుప అడ్డుకట్టలనే కోసి కొమ్ములుగా టాంకు ముందు అతికించే ఉపాయాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 29వ డివిజనువారు ఒక టాంకు, కొందరు పదాతులు, గట్టును పేల్చే ఇంజనీరు దళం, ఒక చిన్న మోర్టారు కలిపి ఒక ముఠాగా చేసి, వెనుకనున్న మళ్ళలో ముందుగా సాధన చేయించారు. ఆటలో పది పదిహేను ఓటములు తిన్నవాడు ఈ చరిత్రను చదివితే, అందులోని ప్రతి వస్తువూ ఎందుకు అవసరమయినదో అతనికి ఒకరు చెప్పనక్కరలేదు. చరిత్ర పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఈ సంగతిని గమనించాలి.

అయితే రైస్‌విట్జ్ ఆటకూ ఈ ఆటకూ ఒక భేదం ఉన్నది. అక్కడ మధ్యవర్తి మనిషి. ఆట ముగిసినాక ఆయన ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి, నీవు ఇక్కడ ఏమి అనుకొన్నావు, నిజానికి ఏమున్నది అని విప్పి చెప్పేవాడు. కంప్యూటర్ కూడ మధ్యవర్తే. కాని మూగ మధ్యవర్తి. తీర్పు చెబుతుంది, కారణం చెప్పదు. కారణాన్ని వెదికే ఓపిక లేనివాడు నూరు ఆటలు ఆడినా మొదటి ఆటలోని మనిషిగానే ఉంటాడు.

మధ్యవర్తి మాట్లాడితే ఎంత ప్రయోజనం కలుగుతుందో తెలుసుకోవడానికి లివర్‌పూల్ కథ ఒకటి చాలును. 1942 జనవరిలో, అట్లాంటిక్ సముద్రంలో జర్మన్ జలాంతర్గాములు బ్రిటిష్ ఓడల బారులను ముంచివేస్తున్న రోజులలో, గిల్బర్ట్ రాబర్ట్స్ అనే అధికారిని అక్కడికి పంపారు. క్షయరోగం వల్ల 1938లోనే ఆయనను నౌకాదళంనుండి తొలగించారు. ఆయనకు సహాయులుగా వచ్చినది నౌకాదళపు మహిళావిభాగానికి చెందిన యువతులు. వారిలో పలువురు ఇరవై ఏండ్ల లోపువారు. ఓడ ఎక్కి ఎరుగరు. వారు గది నేలమీద గళ్ళు గీసి దానినే సముద్రంగా చేశారు. రక్షక నౌకల అధికారులను తెరల వెనుక నిలబెట్టి, చిన్న కంతలగుండా మాత్రమే చూడనిచ్చారు. సముద్రంమీద ఓడనుండి ఎంత కనబడుతుందో అంతే. జలాంతర్గామి దారిని ఆకుపచ్చ సుద్దతో గీసేవారు. ఆ కంతలనుండి చూసేవారికి ఆ రంగు ఆనదు.

ఆ ఆటలో తేలినది ఏమిటి? జలాంతర్గామి బారుకు వెలుపలనుండి కాలుస్తున్నదని అందరూ నమ్ముతూ ఉండిరి. అది రాత్రివేళ వెనుకనుండి నీటిమీదనే వచ్చి, ఓడల వరుసల నడుమ దూరి, దగ్గరనుండి కాల్చి, నీటిలో మునిగి, బారు తన తలమీదుగా దాటిపోయేదాకా ఆగుతున్నదని రాబర్ట్స్ బృందం ఊహించినది. రక్షక నౌకలు దూరాన వెదకడం మాని బారు వెనుకకు మరలి వరుసగా గాలించాలని ఒక పద్ధతిని కల్పించారు. దానికి 'రాస్‌బెరీ' అని పేరు పెట్టినది జీన్ లైడ్లా అనే యువతి. ఆంగ్లేయుల వాడుకలో అది నోటితో చేసే వెక్కిరింత ధ్వని, హిట్లరుకన్నమాట. పూర్వయుద్ధంలో తానే జలాంతర్గామిని నడిపిన సేనాని మాక్స్ హార్టన్ ఒకనాడు శత్రుపక్షం వహించి ఈ ఆట ఆడి, జానెట్ ఓకెల్ అనే యువతి చేతిలో ఆడిన ప్రతిసారీ ఓడిపోయాడు. యుద్ధం ముగిసేసరికి సుమారు 5,000 మంది అధికారులు ఆ గదిలో పాఠం నేర్చుకొన్నారు. అక్కడ పని చేసినది గీతలూ సుద్దముక్కలూ మాత్రమే కాదు. ప్రతి ఆట తరువాత అందరూ చేరి చేసిన చర్చ. సముద్రం చూడని అమ్మాయిల మాటను ఓడల కప్తానులు వినవలసి వచ్చిన చర్చ అది.

తరువాతి కాలంలో సైన్యాలు కంప్యూటర్ ఆటలను కూడ చేరదీశాయి. 1996 ప్రాంతంలో అమెరికన్ మెరీను దళం 'డూమ్' అనే రాక్షస సంహారపు ఆటను మార్చి, నలుగురు సైనికుల జట్టు ఒకరినొకరు కాచుకొంటూ కదలడం నేర్చుకొనే ఆటగా చేసుకొన్నది. రాక్షసుల బొమ్మలు పోయి మనుషుల బొమ్మలు వచ్చినవి. దీనిని గురించి అంతకన్న చెప్పవలసినది లేదు.

ఇంతవరకూ ఆటను పొగడినాను. అది చెప్పని విషయాలు కూడ విద్యార్థికి తెలియాలి. తెరముందు కూర్చున్నవాడు ఆకాశంలో గరుడపక్షివంటివాడు. స్క్వాడులు ఒకదానికొకటి చెప్పుకోలేకపోయినా, అన్ని స్క్వాడులు చూసినదీ అతడు ఒక్కడే చూస్తున్నాడు. ఏ దళపతికీ ఈ భాగ్యం లేదు. ఇంకొకటి, ఆటకు గడువు ఉన్నది. నలభై నిమిషాల ఆట అయితే, నలభై ఒకటవ నిమిషం ఉండదని అతనికి తెలుసు. అందుచేత చివరి అయిదు నిమిషాలలో మిగిలిన మనుషులందరినీ ఊరిమీదికి తోలుతాడు. రేపు ఆ ఊరిని కాపాడడానికి మనుషులు కావాలి గదా అన్న చింత లేదు. మంచి ఆటగాళ్ళు దీనికి విరుగుడుగా ఒకే దళాన్ని వరుస యుద్ధాలలో నడుపుతారు. నిన్న పోయినవారు నేడు ఉండరు. చాలినంతమంది కొత్తవారు రారు. అట్లు ఆడినవాని చేయి మూడవ యుద్ధంనాటికి మారుతుంది. మనుషులను ఖర్చుపెట్టడానికి వెనుకాడతాడు. ఓడిన ఆటను చెరిపి మొదటినుండి ఆడేవాడికి ఆ వెనుకాట ఎన్నటికీ రాదు.

ఇక ఆ ఊళ్ళ సంగతి. నార్మండీ ఆటలో పల్లెలున్నవి, చర్చిలున్నవి, పెంకుటిళ్ళున్నవి. ఏ ఇంటిలోనూ ఇల్లాలు లేదు, పిల్లలు లేరు, ముసలివారు లేరు. కిటికీలో అనుమానం కలిగితే ఆ ఇంటిని టాంకు ఫిరంగితో కూల్చివేయడమే సరి అయిన రణతంత్రం. చాలా సందర్భాలలో ఆట దానికి ఏ శిక్షా వేయదు. 1944 వేసవిలో నిజమైన నార్మండీలో సుమారు 20,000 మంది పౌరులు ప్రాణాలు కోల్పోయారు. సేంట్-లో పట్టణం దాదాపు నేలమట్టమయినది. ఈ వాక్యాలు రెండూ ఆటలో ఎక్కడా తారసపడవు. తరగతిలో ఎవరైనా చెప్పవలసినవే.

అయినను ఆట తయారుచేసినవారు ఒకచోట ఆగి ఆలోచించినట్లు కనబడుతుంది. కాల్పులలో పడిపోయినవాని పక్కకు అతని తోడివారిని చేర్చి నిలిపితే, వారిలో ఒకడు మోకాళ్ళమీద కూర్చుని గాయానికి కట్టు కడతాడు. దానికి కొంతసేపు పడుతుంది. ఆ సేపు ఒక తుపాకి మౌనంగా ఉంటుంది. ఒక్కొక్కప్పుడు ఆ కట్టేవాడు కూడ పడిపోతాడు. గెలుపు తొందరలో ఉన్న ఆటగాడు ఆ ఇద్దరినీ అక్కడ విడిచి ముందుకు పోవచ్చును. విడిచినా ఆట ఒక్క మాట అనదు. కట్టు కట్టబడినవాడు యుద్ధం ముగిసినాక మృతుల లెక్కలో కాక క్షతగాత్రుల లెక్కలో చేరడానికి అవకాశం హెచ్చు. ఆట చివర తెరమీద వచ్చే పట్టికలో ఆ రెండు అంకెలూ వేరు వేరుగా ఉంటాయి.